విశాఖ – అరకు – పాడేరు – లంబసింగి: 21 గేర్ల హైబ్రిడ్ సైకిల్ మీద అయిదు రోజుల్లో అవుతుందా?

ప్రశ్న: కొత్తచక్రం

నమస్తే అండి. డిసెంబరు రెండో వారంలో ఈ చుట్టు తొక్కాలని ప్లాన్:

మొదటి రోజు విశాఖ నుంచి ఎస్.కోట. రెండో రోజు ఎస్.కోట నుంచి అరకు. మూడో రోజు పాడేరు. నాలుగో రోజు జి.మాడుగుల మీదుగా లంబసింగి. అయిదో రోజు ఘాట్ దిగి నర్సీపట్నం, అక్కడి నుంచి అనకాపల్లి మీదుగా ఇంటికి.

సైకిల్ 700×38 టైర్ల హైబ్రిడ్. ముందు 42/34/24 పళ్లు, వెనక 7 చక్రాల 14–28 పళ్ల ఫ్రీవీల్ (వెనక గేరు చక్రాల గుత్తి, మరతో బిగించే రకం). కేబుల్ డిస్క్ బ్రేకులు, 160 ఎంఎం రోటర్ (ప్యాడ్లు పట్టుకునే డిస్క్). మనిషి 70 కిలోలు, సైకిల్ 14, సామాను 11. మైదానంలో రోజుకు 80–100 కి.మీ. అలవాటే, ఘాట్ మాత్రం కొత్త.

అడగదలచినవి: ఈ గేర్లతో అనంతగిరి ఘాట్ ఎక్కొచ్చా? దిగేటప్పుడు కేబుల్ బ్రేకులు సరిపోతాయా? దారిలో చెరువులు, రిజర్వాయర్లు ఎక్కడెక్కడ తగులుతాయి? టెంటు మోసుకెళ్లడం అవసరమా?

జవాబు 1: పళ్లచక్రం

గేర్ల సంగతి లెక్కేసి చూద్దాం. మీ చక్రం ఒక చుట్టుకు సుమారు 2.18 మీటర్లు. ముందు 24, వెనక 28 వేస్తే పెడల్ ఒక చుట్టుకు 1.87 మీటర్లు నడుస్తుంది. నిమిషానికి 65 చుట్లు తొక్కితే గంటకు 7.3 కి.మీ.

మొత్తం 95 కిలోలు. వందకు 6 మీటర్లు లేచే ఎక్కుడులో ఆ వేగానికి దాదాపు 130 వాట్లు కావాలి. అలవాటున్నవాళ్లు దాన్ని రెండు మూడు గంటలు లాగగలరు. మలుపు లోపలి అంచున వాలు 9 దాకా పోయినచోట మాత్రం అదే వేగానికి 185 వాట్లు అడుగుతుంది. అంత ఎక్కువసేపు రాదు. కాబట్టి చుట్లు 65 నుంచి 45కి పడిపోతాయి, ప్రతి తొక్కు మోకాలి మీద పడుతుంది. రెండో రోజు సాయంత్రం మోకాలి చిప్ప కింద మొదలయ్యే నొప్పికి ముఖ్య కారణం ఇదే. దాన్ని ‘స్టామినా చాల్లేదు’ అనుకుంటారు. తప్పు గేరుది.

వెనక 14–34 ఫ్రీవీల్ వేస్తే 24/34కి పెడల్ చుట్టుకు 1.54 మీటర్లు, గంటకు 6 కి.మీ. అప్పుడు 6 శాతానికి 106 వాట్లు, 9 శాతానికి 150 దగ్గర. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఎక్కుడు మీద ఇదే రోజంతా తొక్కనిస్తుంది.

మార్చేటప్పుడు గుర్తుంచుకోవలసినవి. పాత ఫ్రీవీల్ మీ తొక్కుడుకే బిగుసుకుపోయి ఉంటుంది. 12 గాళ్ల రిమూవర్‌ని (ఫ్రీవీల్ విప్పే పనిముట్టు) దింపి, క్విక్ రిలీజ్ నట్టుతో కాస్త పట్టి ఉంచి (పూర్తిగా బిగించొద్దు, కదలడానికి జాగా ఉండాలి), రిమూవర్‌ని బెంచ్ వైస్‌లో పట్టించి చక్రాన్నే స్టీరింగులా ఎడమకు తిప్పండి. స్పానర్‌తో కుస్తీ పడితే గాళ్లు అరిగి రిమూవర్ జారుతుంది, ఆ పైన మిగిలేది ఫ్రీవీల్ పగలగొట్టడమే. కొత్తది ఎక్కించేముందు మరలకు గ్రీజు రాయాల్సిందే. ఆ పని చాలా షాపుల్లో చేయరు, దగ్గరుండి చేయించండి.

చైన్ కూడా పొడుగు కావాలి. వెనక 6 పళ్లు పెరిగితే చైన్‌లో సుమారు 3 లింకులు, జతల్లో కలపాలి కాబట్టి 4. పాత చైన్‌కు అతికించే బదులు కొత్తది కొని, ముందు 42 వెనక 34 మీద డీరెయిలర్ (చైన్‌ని ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి మార్చేది) గుండా కాకుండా నేరుగా చుట్టి, కలిసినచోటికి ఇంకో 2 లింకులు ఉంచి తెంపండి. పాత చైన్‌నే ఉంచితే, పొరపాటున 42/34 వేసిన రోజున డీరెయిలర్ వెనక్కి లాగి హ్యాంగర్ (దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క) వంగిపోతుంది.

డీరెయిలర్ కేజ్ (చైన్‌ని లాగి పట్టే కింది చేయి) పొడుగుదై ఉండాలి. ముందు తేడా 18, వెనక తేడా 20, మొత్తం 38 పళ్ల చైన్ వదులుని అది మింగాలి. షార్ట్ కేజ్ అయితే వద్దు. 14–34లో చాలా వాటికి చివరి చక్రం 24 నుంచి ఒక్కసారిగా 34కి దూకుతుంది. ఎక్కుడు మధ్యలో బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ పళ్ల మధ్య నలుగుతుంది. వాలు పెరగడానికి పది మీటర్ల ముందే, కాలు తేలిక చేసి మార్చుకోండి.

జవాబు 2: గాలికొండ

దారి గురించి.

విశాఖ–ఎస్.కోట పెందుర్తి, కొత్తవలస మీదుగా సుమారు 55–60 కి.మీ., ఇబ్బంది లేదు. పెందుర్తి దాటేదాకా లారీలు ఎక్కువ కనుక తెల్లారేసరికి దాటేయండి. మొదటి రోజు మీకు సగం పూటే పని, కాబట్టి తాటిపూడి రిజర్వాయర్‌ని ఆ రోజుకే పెట్టుకోండి. గోస్తని నది మీది చెరువు, విశాఖకు తాగునీరు ఇచ్చేవాటిలో ఒకటి. మళ్లీ ఎస్.కోట వచ్చి పడుకుంటే మర్నాడు ఘాట్ అడుగుకు దగ్గర్లో ఉంటారు.

రెండో రోజే అసలు రోజు. ఎస్.కోట–అరకు 60 కి.మీ. లోపే, అందులో బొడ్డవర దాటాక ఎక్కుడే ఎక్కుడు. టైడా దాకా నీడ దొరుకుతుంది. అక్కడి నుంచి అనంతగిరి, గాలికొండ వరకు మలుపు మీద మలుపు, కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకు చుట్టుకున్న మిరియం తీగలు. గంటకు 6 కి.మీ. వేగంతో 6 శాతం ఎక్కుతుంటే గంటకు 350 మీటర్ల ఎత్తు లేస్తారు. ఆగడాలు కలుపుకుని ఘాట్‌కి నాలుగైదు గంటలు రాసి పెట్టుకోండి. డిసెంబరులో సాయంత్రం అయిదున్నరకే పొద్దు గూకుతుంది, కొండ నీడ ఇంకా ముందే పడుతుంది. ఎస్.కోటలో ఆరింటికి ఇడ్లీ తిని బయల్దేరకపోతే గాలికొండ నుంచి అరకు దిగుడు చీకట్లో పడుతుంది.

బొర్రా గుహలు ఆ రోజు పెట్టుకోకండి. గుహలున్నది సముద్రమట్టానికి 705 మీటర్ల దగ్గర. మెయిన్ రోడ్డు నుంచి దిగి వెళ్లాలి, దిగిందంతా తిరిగి ఎక్కాలి. చూసి తీరాలంటే అనంతగిరిలోనో టైడాలోనో టూరిజం వాళ్ల బసలో ఆగి ఒక రోజు పెంచండి.

శని, ఆదివారాల్లో ఘాట్ ఎక్కొద్దు. డిసెంబరులో వారాంతం అంటే విశాఖ కార్లన్నీ అక్కడే. మలుపులో ఎదురొచ్చే కారు మీ అంచు మీదికి వచ్చేస్తుంది.

‘అరకు చేరాం, ఇక పైన అంతా చదును’ అనుకుంటారు చూడండి, అక్కడే లెక్క తప్పుతుంది. అరకు–పాడేరు 45–50 కి.మీ.లో ఘాట్ లేదు గానీ, ప్రతి గెడ్డకూ (కొండవాగుకూ) దిగి మళ్లీ ఎక్కాలి. మొత్తం ఎక్కినది కలిపితే చిన్న ఘాట్ అంత అవుతుంది. పాడేరు–లంబసింగి ఇంకా ఎక్కువ, కొత్తపల్లి జలపాతం కూడా ఆ దారి పక్కనే కాబట్టి రోజు మొత్తం పోతుంది. ఈ మార్గమంతా రాజమహేంద్రవరం–విజయనగరం హైవే, 516ఇ నంబరు. విస్తరణ పనులు సాగే ముక్కల్లో కంకర, బురద తగిలితే గంటకు 10 కి.మీ. మించదు. ముందు రోజు రాత్రి లాడ్జిలో లారీ డ్రైవర్లనో జీపు వాళ్లనో అడగండి. మ్యాపు చెప్పని సంగతి వాళ్లు చెబుతారు.

చాపరాయి దగ్గర (డుంబ్రిగుడ వైపు, అరకు దాటాక) బండల మీద సైకిల్ బూట్లతో నడవొద్దు. నాచు కనిపించదు, జారేది మాత్రం ఖాయం. అక్కడ ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

ఇక నీళ్లు. మీ చుట్టులో రోడ్డు దగ్గర్లో తగిలేది లంబసింగి పక్కన తాజంగి రిజర్వాయర్, పొగమంచు విడిచే వేళ బాగుంటుంది. దిగాక నర్సీపట్నం అవతల తాండవ ఉంది గానీ అది నాతవరం వైపు, మీ దారికి ఎదురు దిక్కు. నిజంగా పెద్ద జలాశయం, అడవి, కొండ మూడూ కలిసి కావాలంటే జోలాపుట్టు. పాడేరు నుంచి పెదబయలు, ముంచింగిపుట్టు మీదుగా ఒడిశా సరిహద్దులో, మాచ్‌ఖండ్ నది మీద. దానికి రెండు రోజులు అదనం. అయిదు రోజుల్లో ఇరికించొద్దు.

దిగే ఘాట్‌కు ఒక చరిత్ర ఉంది. నర్సీపట్నం–లంబసింగి రోడ్డు పనుల్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం వాళ్ల చేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించడం అల్లూరి తిరుగుబాటుకు ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద మొదటి దాడి. మలుపు మలుపుకీ బ్రేకు నొక్కుతూ దిగేటప్పుడు ఆ రాళ్లు ఎవరు మోశారో గుర్తుకొస్తే మంచిదే.

జవాబు 3: రోటర్160

బ్రేకుల ప్రశ్నకు: సరిపోతాయి, సరిగా సెట్ చేసుకుంటే.

లంబసింగి నుంచి 800 మీటర్లు దిగుతారనుకుందాం. 95 కిలోల బరువుకు అది సుమారు 745 కిలోజౌళ్లు. గాలి తీసుకెళ్లే భాగం పోగా మిగిలినదంతా రోటర్లలో వేడే. గాలి సంగతి పక్కన పెడితే రెండు లీటర్లకు పైగా నీళ్లను మరిగించే వేడి అది. అందుకే నడక వేగంతో బ్రేకు పట్టుకునే దిగేవాళ్లకే ప్యాడ్లు మెరుగెక్కి (గ్లేజ్ అయి) కీచుమంటూ పట్టు వదిలేస్తాయి. మలుపుకు ముందు తిన్నటి ముక్కలో గట్టిగా పట్టండి, మలుపులో వదలండి, తిన్నటి దారిలో గాలికి వదిలి చల్లారనివ్వండి. పదిహేను నిమిషాలకోసారి ఆగండి. రోటర్‌ని వేలితో తాకి చూడొద్దు, తోలు ఊడుతుంది. రెండు చుక్కల నీళ్లు చల్లితే సుయ్ మంటుందో లేదో అదే చెబుతుంది.

కేబుల్ డిస్క్‌లో అసలు చిక్కు వేరే. వీటిలో ఎక్కువ వాటికి ఒక ప్యాడే కదులుతుంది, పుల్లల (స్పోకుల) వైపుది స్థిరంగా ఉంటుంది. ప్యాడ్ అరిగేకొద్దీ లీవర్ హ్యాండిల్‌కి దగ్గరవుతుంది. అందరూ కేబుల్ బిగించి సరిపెడతారు. అలా చేస్తే కదిలే ప్యాడ్ రోటర్‌ని స్థిర ప్యాడ్ మీదికి వంచుతూ పట్టాలి, బలం సగం అక్కడే పోతుంది. పద్ధతి ఇదీ: కేబుల్ ముట్టకుండా, ముందు పుల్లల వైపు 5 ఎంఎం అలెన్‌తో (కొన్నిటికి చేత్తో తిప్పే డయల్ ఉంటుంది) స్థిర ప్యాడ్‌ని రోటర్‌కు కాగితం మందం దూరం దాకా తెండి. ఆ తర్వాతే బ్యారెల్ అడ్జస్టర్ (కేబుల్ బిగువు సరిచేసే మర).

ప్యాడ్ పదార్థం 0.5 ఎంఎం మిగిలేదాకా వాడొచ్చని కంపెనీ లెక్క. ఘాట్ ముందు మాత్రం 1 ఎంఎం కంటే తక్కువుంటే మార్చేయండి, విడిగా ఒక జత సంచిలో ఉంచండి. మెటల్ ప్యాడ్లు కొనేముందు రోటర్ మీద అక్షరాలు చదవండి. ‘రెజిన్ ప్యాడ్లు మాత్రమే’ అని చెక్కి ఉంటే మెటల్ వేయకూడదు, మెత్తటి ఉక్కు గనుక రోటరే అరిగిపోతుంది. ఈ ధరలో సైకిళ్లకు ఎక్కువగా అదే ఉంటుంది.

కొత్త ప్యాడ్లను రోటర్‌కు అలవాటు చేయాలి (బెడ్-ఇన్): చదునులో గంటకు 20 కి.మీ. నుంచి నడక వేగం దాకా, చక్రం బిగుసుకోకుండా, ఒక్కో బ్రేకు 15–20 సార్లు. ఇది చేయకుండా ఘాట్ దిగినవాళ్లే ‘కొత్త ప్యాడ్లు పనిచేయలేదు’ అంటారు. చైన్ ఆయిల్ స్ప్రే రోటర్ వైపు అసలు కొట్టొద్దు. పడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, ప్యాడ్‌లో ఇంకితే పారేయడమే.

ఇంకొకటి. లంబసింగిలో పొద్దున్నే వేళ్లు కొయ్యబారితే లీవర్ లాగే బలమే ఉండదు. చేతి తొడుగులు బ్రేకు సామాను కిందికే లెక్క. ఆ ఊరికి కొర్రబయలు అన్న పేరు కూడా ఉంది, మనిషి బయట ఉంటే కొర్రలా (కర్రలా) బిగుసుకుపోతాడని. మంచు విడిచి రోడ్డు ఆరేదాకా, అంటే తొమ్మిది దాకా, దిగొద్దు. కాఫీ తోటల దగ్గర తడి ఆకులు, కల్వర్టుల దగ్గర ఇసుక, ఈ రెండే ఎక్కువమందిని పడేస్తాయి.

జవాబు 4: మన్యంబాట

పైవాళ్లు చెప్పనివి కొన్ని.

సామాను 11 కిలోలు అన్నారు. సీటు రాడ్డుకు బిగించే క్యారియర్ అయితే వద్దు. దానికి 9–10 కిలోలే హద్దు, మలుపులో అటూ ఇటూ ఊగి క్లాంప్ దగ్గర చిట్లుతుంది. ఫ్రేము కంతలకు నాలుగు చోట్ల బిగించే రకం తీసుకుని, ఎం5 బోల్టులకు నీలం థ్రెడ్‌లాకర్ వేయండి, రెండు అదనపు బోల్టులు టేపుతో ఫ్రేముకే అంటించి ఉంచండి. అసలు 11 కిలోలు ఎందుకు? లాడ్జిల్లో పడుకునేవాళ్లకు 6–7 చాలు. 4 కిలోలు దించితే 6 శాతం ఎక్కుడులో 4–5 వాట్లు ఊరికే మిగులుతాయి.

టెంటు వద్దు. రిజర్వ్ అడవిలో సొంతంగా గుడారం వేయడానికి అనుమతి ఉండదు, రోడ్డు పక్కన వేస్తే రాత్రి చెక్‌పోస్టు వాళ్లు లేపుతారు. లంబసింగిలో సీజన్‌లో అద్దె గుడారాలు దొరుకుతాయి. ఆధార్ కార్డు పైజేబులో ఉండాలి. గంజాయి తనిఖీలు ఈ దారిలో మామూలే, సంచులు విప్పమంటే విప్పి చూపించి వెళ్లిపోవడమే.

ట్యూబులు: 700సి ట్యూబు విశాఖ దాటితే దొరుకుతుందనుకోవద్దు. రెండు వెంట పెట్టుకోండి, ప్యాచీలు వేరే. వాల్వు కారు టైరు రకం (ష్రేడర్) అయితే ఏ బైకు పంక్చర్ షాపులోనైనా గాలి కొడతారు. సన్నటి ప్రెస్టా అయితే ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకే తొడిగి ఉంచండి. 38 టైరుకు మీ బరువు మీద ముందు 45, వెనక 55 పీఎస్ఐ చాలు. బైకు కంప్రెసర్‌తో కొట్టిస్తే క్షణంలో 90 దాటిస్తారు, మీటరు చూస్తూ ఆపించండి.

వెనక చక్రం పుల్ల విరిగితే దాదాపు ఎప్పుడూ చైన్ వైపుదే. మరతో బిగించే ఫ్రీవీల్ అయితే దాన్ని తీయనిదే ఆ పుల్ల ఎక్కదు. అందుకే రిమూవర్ వెంట ఉండాలి (స్పానర్, వైస్ ఏ బైకు మెకానిక్ దగ్గరైనా ఉంటాయి), మూడు పుల్లలు సరైన పొడుగువి ఫ్రేముకు టేపు వేసుకోండి. పళ్లచక్రం గారు గ్రీజు రాయమన్నది ఇందుకు కూడా పనికొస్తుంది.

ఘాట్‌లో 2.5 లీటర్ల నీళ్లతో మొదలవ్వండి. గంటకు రెండు అరటిపళ్లో, ఒక పల్లీ పట్టీ ఒక అరటిపండో కడుపులో పడాలి. ఆకలేశాక తినడం అంటే ఆలస్యమైనట్టే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లకు ఒకటి, అర లీటరు సీసాలో మొత్తం పోయొద్దు. గెడ్డ నీళ్లు ఎంత తేటగా కనిపించినా తాగొద్దు. సాయంత్రం అయిదు తర్వాత నిండు చేతుల చొక్కా, దోమల క్రీము. ఇది మలేరియా ఉన్న ఏజెన్సీ. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో చలిజ్వరం వస్తే డాక్టరుకు ‘పాడేరు వెళ్లొచ్చాను’ అని ముందే చెప్పండి.

అక్టోబరు, నవంబరులో వెళ్దామనుకునేవాళ్లు తుపానుల సంగతి చూసుకోవాలి. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ లాంటివి ఈ కొండలకూ వస్తాయి. వాన వెలిసిన రెండు మూడు రోజులు కూడా ఘాట్‌లో రాళ్లు జారుతూనే ఉంటాయి.

కొత్తచక్రం

అందరికీ ధన్యవాదాలు. ఫ్రీవీల్ 14–34, కొత్త చైన్ వేయించాను. చిన్న సమస్య: 24/34 వేసి వెనక్కి తొక్కితే గరగరమంటోంది. మిగతా చక్రాల మీద చప్పుడు లేదు. ఇంకో ప్రశ్న: ఘాట్ భయమైతే అరకు దాకా రైల్లో సైకిల్ వేసుకెళ్లొచ్చా?

పళ్లచక్రం

డీరెయిలర్‌లో చైన్ తిరిగే రెండు చిన్న చక్రాల్లో పైది, అంటే పై జాకీ చక్రం, 34 పళ్లకు తగులుతోంది. డీరెయిలర్ వెనక హ్యాంగర్‌ని నెట్టే చిన్న స్క్రూ ఉంటుంది, బి-టెన్షన్ స్క్రూ. 24/34లో ఉంచి దాన్ని కుడికి అర చుట్టు చొప్పున బిగించండి. జాకీ చక్రం పళ్లకూ, 34 పళ్లకూ మధ్య 5–6 ఎంఎం కనిపించాక ఆపండి. మరీ బిగిస్తే చిన్న చక్రాల మీద మార్పు బద్ధకిస్తుంది. ఆ తర్వాత డీరెయిలర్ లోపలికి ఎంతదాకా పోవాలో హద్దు పెట్టే ‘ఎల్’ స్క్రూ చూసుకోండి: 34 మీద ఉండగా డీరెయిలర్‌ని చేత్తో లోపలికి నెట్టినా పుల్లలకు తగలకూడదు. తగిలితే మొదటి ఎక్కుడులోనే చైన్ పుల్లల్లోకి పోతుంది, యాత్ర అక్కడికి సరి.

గాలికొండ

పొద్దున్న విశాఖ నుంచి బయల్దేరే కిరండూల్ ప్యాసింజర్ అరకు మీదుగానే పోతుంది. టికెట్ తీసుకుని, గంటన్నర ముందు పార్సిల్ ఆఫీసుకు వెళ్లి సైకిల్‌ని లగేజీగా బుక్ చేయండి. పేరు, ఫోన్ నంబరు, దిగే స్టేషన్ రాసిన అట్టముక్క ఫ్రేముకు కట్టాలి. పంపు, సీసా, లైట్లు విప్పి మీ దగ్గరే పెట్టుకోండి. సైకిల్ గార్డు పక్క బ్రేక్ వ్యాన్‌లో వెళ్తుంది. అరకులో బండి ఆగేది కొద్ది నిమిషాలే, కాబట్టి శిమిలిగుడ రాగానే రసీదు చేత పట్టుకుని చివరి పెట్టె వైపు నడవడానికి సిద్ధంగా ఉండండి. ఘాట్ మొత్తం వదులుకోవడం ఇష్టం లేకపోతే రైల్లో అరకు వెళ్లి, అక్కడి నుంచి చుట్టు తొక్కి లంబసింగి ఘాట్ దిగండి. బ్రేకులు మాత్రం రోటర్160 గారు చెప్పినట్టు సెట్ చేసుకున్నాకే.

రోటర్160

రైలు దిగాక ఒకసారి రోటర్లు తిప్పి చూడండి. బ్రేక్ వ్యాన్‌లో మూటలు పడితే అవి కొద్దిగా వంగుతాయి. రుద్దుతున్నచోట గుర్తు పెట్టుకుని, శుభ్రమైన చిన్న స్పానర్‌తో కొద్దికొద్దిగా వెనక్కి వంచొచ్చు. చేతికి నూనె ఉంటే మాత్రం ముట్టుకోకండి.